మనవాళ్లు చివర

జూన్ 2

ఆస్పత్రి హాల్లో బల్ల తీసేశారు.

గోడ పొడవునా ఉండేది. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని, గుమ్మం దగ్గర ఏటవాలుగా తిప్పి, వ్యానులో ఎక్కించి తీసుకుపోయారు. దాని చోట ఇనుప కుర్చీలు వచ్చాయి. కుర్చీకీ కుర్చీకీ మధ్య చేతికమ్మీలు. ఎందుకే ఇవి అని మా అమ్మాయిని అడిగితే, "ఎవరి చోటు వాళ్లకుంటుందమ్మా, అడ్డంగా పడుకోరు" అంది. జ్వరంతో వచ్చినవాడు పడుకోక డాన్సు చేస్తాడా అన్నాను. నవ్వి వెళ్లిపోయింది. ఈమధ్య నేనేం అన్నా నవ్వి వెళ్లిపోతోంది. ఇన్నేళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీలో మేనేజరుగా వెలగబెట్టి ఇప్పుడు ఆస్పత్రి నడపడానికి వచ్చింది కదా, అక్కడ నేర్పి ఉంటారు.

ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ బల్ల దగ్గరుండి చేయించింది ఆయనే.

జూన్ 3

చెప్పాను. "ఊఁ" అన్నారు. భోజనం మధ్యలో లేచిపోయారు. గ్యాస్ అట.

జూన్ 7

మధ్యాహ్నం కునుకు పట్టలేదు. పాత హాలే కళ్లలో మెదులుతోంది.

మూడు గదుల అద్దె ఇంట్లో ఆస్పత్రి మొదలుపెట్టాం. ముందుగది హాలు, మధ్యగదిలో ఆయన, వెనక గదిలో మంచాలు. నాకు డాక్టరు చదువూ లేదు, జీతమూ లేదు. హాలు చూసుకోవడం నా పని. టోకెన్లు గీకెన్లు ఏమీ లేవు. లోపల్నుంచి ఆయన "తర్వాత ఎవరమ్మా, పంపండి" అని కేకేసేవారు. హాలంతా ఒకరి మొహాలొకరు చూసుకునేది. "ఆ పిల్లాడు ఎగపోస్తున్నాడు, వాణ్ని పంపండి" అని ఒకరు, "నాది పాత నొప్పేలే, ఎక్కడికీ పోదు, నువ్వెళ్లు" అని ఇంకొకరు. ఎవరు ముందన్నది వాళ్లే తేల్చుకునేవారు. తేలకపోతే నా వైపు చూసేవారు, నేను కనుసైగ చేస్తే అయిపోయేది. అంతమందిలో ఎన్నడూ తగువు రాలేదు. తప్పూ జరగలేదు.

ఒకటి రెండుసార్లు జరిగి ఉంటుంది.

దర్జీ ఒకడు ఏ జబ్బూ లేకపోయినా వచ్చి ఫ్యాను కింద కూర్చునేవాడు. షాపులో ఉక్కట. కూర్చున్నంతసేపూ అందరి భుజాలూ కళ్లతోనే కొలిచేవాడు. పసిపిల్లలు ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి తిరుగుతూ హాలు ఆ చివరికి వెళ్లి, మళ్లీ తల్లి దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయి ఉండేవాళ్లు. కరెంటు పోతే ఎవరో ఒకరు కథ అందుకునేవారు. కరెంటు వచ్చినా కథ ఆగేది కాదు. తమ వంతు వచ్చినా కదలని వాళ్లు ఉండేవారు, కథ పూర్తవలేదని!

నియమం అంటూ ఒక్కటే ఉండేది. అది ఆయన పెట్టింది. మనవాళ్లు చివర. ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా హాల్లో కూర్చోవాలి, అందరూ అయ్యాకే లోపలికి. "మనవాళ్లని ముందు చూస్తే బయటవాళ్ల మొహం ఎలా చూడను?" అనేవారు. మా అత్తగారు పంటినొప్పితో దవడ పట్టుకుని దీపాలు పెట్టేదాకా కూర్చుంది, కొడుకుని పైకి తిడుతూ, లోపల మురిసిపోతూ. అమ్మాయి గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు రెండో క్లాసో మూడో క్లాసో. నా పక్కనే బల్ల చివర కూర్చుంది, అందరూ వెళ్లేదాకా. కంట్లోంచి చుక్క నీరు రాలేదు. "డాక్టరుగారి పిల్లంటే ఇదీ" అని హాలంతా మెచ్చుకుంది. ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో!

జూన్ 9

టోకెన్ యంత్రం వచ్చింది. మీట నొక్కితే నాలుక బయటపెట్టినట్టు చీటీ వస్తుంది.

గుమ్మంలో అమ్మాయి ఒక సిస్టర్‌ని కూర్చోబెట్టింది. నేను గుమ్మం సిస్టర్ అంటున్నాను, పాపం కోపం తెచ్చుకోదు. వచ్చినవాళ్ల నాడి, బీపీ చూసి చేతికి పట్టీ కడుతుంది. ఎర్రదైతే వెంటనే లోపలికి, పసుపైతే కాసేపాగి, ఆకుపచ్చయితే వరసలో. టోకెన్ లేకుండా ఎవరూ హాల్లో కూర్చోకూడదట. కనిపిస్తే గుమ్మం సిస్టర్ వెళ్లి పలకరించాలట. ఇక దర్జీ గతేం కాను?

పొద్దున్నే అందరూ ఒక బోర్డు ముందు నిలబడి మాట్లాడుకోవాలి. కూర్చుంటే మాటలు సాగుతాయని కుర్చీలు వేయలేదు. ఎక్కడైనా పొరపాటు జరిగితే 'ఎవరు' అని అడగకూడదట, 'ఎందుకు' అని అడగాలట. దానికి జవాబు వస్తే మళ్లీ ఎందుకు. అలా వేరు దొరికేదాకా తవ్వాలట. మా చిన్నప్పుడు ఇన్ని ఎందుకులు అడిగితే వీపు పగిలేది.

"మనుషులు బిస్కెట్లనుకున్నావుటే?" అని అడిగేశాను.

"కాదు కాబట్టే ఇంత తంటా. బిస్కెట్ విరిగితే పక్కన పడేస్తాం" అంది.

మాట సబబుగానే ఉంది. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

జూన్ 10

చెయ్యి వణకడం మొదలయ్యాక ఆయన ప్రాక్టీసు మానేశారు గానీ, హాలు మానలేదు. రోజూ సాయంత్రం వెళ్లి గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు చెప్పి, నాలుగు దండాలు పుచ్చుకుని వచ్చేవారు. టోకెన్ యంత్రం సంగతి విన్నాక ఇవాళ వెళ్లలేదు. ఆ యంత్రం ఉన్నంతకాలం అడుగు పెట్టనని కొండెక్కి కూర్చున్నారు.

అమ్మాయి వచ్చి, "నాన్నా, మెట్లెక్కితే ఆయాసపడుతున్నావు. ఒక్కసారి వచ్చి ఈసీజీ తీయించుకో" అంది.

"నా ఆస్పత్రిలో నేను చీటీ పట్టుకుని నిలబడాలా?"

"అక్కర్లేదు. నేను టైం తీసిపెడతా."

"అంటే నీ సిఫారసు మీద ముందు వెళ్లాలా? మనవాళ్లు చివర. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు నాన్నా" అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

ఆయాసం ఏముంది, ఈ వయసులో ఎవరికైనా ఉంటుంది.

జూన్ 14

సాయంత్రం నడకకి వెళ్లాం. ఆయనకి కొత్తగా షోకేసుల పిచ్చి పట్టింది. చెప్పుల షాపు ముందు ఆగారు. నాలుగడుగులు వేసి గడియారాల షాపు ముందు ఆగారు. తర్వాత ఆడవాళ్ల గాజులూ గొలుసులూ ఉన్న షాపు ముందు ఇంకా ఎక్కువసేపు. "ఇన్నేళ్లకి నాకేమైనా కొనాలనిపించిందా?" అని ఏడిపించాను. ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. తర్వాత, "ఆ నీలంరాయిది బాగుంది కదూ" అన్నారు.

అక్కడ నీలంరాయిది ఏదీ లేదు. కళ్లజోడు మార్పించాలి.

జూన్ 18

రాయాలని లేదు గానీ రాస్తాను, ఎవరూ చదవరు కదా.

దర్జీ కలిశాడు. షుగరు చూపించుకోవడానికి ఇప్పుడు ఫోన్లో టైం తీసుకుని వస్తున్నాడట. "ఇదివరకు షాపు కట్టేసి రావలసి వచ్చేదమ్మా. ఇప్పుడు ఇలా వెళ్లి అలా వచ్చేస్తున్నా. ఆ పూట కుట్టుపని ఆగట్లేదు" అన్నాడు. మరి ఫ్యాను కింద కూర్చునేవాడివి కదా, ఆ సరదా పోలేదా అని అడిగాను. "ఊరికే కూర్చున్న రోజులు వేరు, జ్వరంతో కూర్చున్న రోజులు వేరు కదమ్మా" అని నవ్వాడు. నాకేదో గిల్లినట్టయింది.

మందుల బీరువా కూడా చూశాను. ఒక్కో మందుకీ రెండు డబ్బాలు. ముందు డబ్బా ఖాళీ అవగానే అది బయటపెడతారు, వెనక డబ్బా వాడుతుండగానే కొత్త సరుకు వచ్చేస్తుంది. అంతే. పిల్లలాటలా ఉంది. మా రోజుల్లో ఇంజెక్షన్ అయిపోయిందని తెలిసేసరికి పేషెంటు మంచం మీద ఉండేవాడు, నేను చెప్పులు కూడా లేకుండా మందుల షాపుకి పరిగెత్తేదాన్ని. షాపువాడు నన్ను దూరంనుంచి చూసే మందు చేతిలో పట్టుకుని ఎదురొచ్చేవాడు. ఎంత బాగుండేవి ఆ పరుగులు! పేషెంటుకి ఎలా ఉండేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆయనకి చెబుదామనుకున్నాను. మూతి ముడుచుకుని పడుకున్నారు. గ్యాస్.

జూన్ 21

తండ్రీకూతుళ్లు మళ్లీ గొడవపడ్డారు. భోజనాల దగ్గర అది, "నాన్నా, రేపైనా రా. నాకు భయంగా ఉంది" అంది. అంత నేరుగా అది ఎప్పుడూ అడగదు.

"భయమెందుకు? నీ బోర్డు మీద అంకెలన్నీ బాగున్నాయిగా" అన్నారు ఈయన.

"నేను అంకెల గురించి మాట్లాడట్లేదు."

"నీకు తెలిసింది అవే. నేను చెప్పినప్పుడు డాక్టరు చదివి ఉంటే మనిషిని చూడటం వచ్చేది."

పాత పుండు. సీటు వచ్చి కూడా మెడిసిన్ కాదని మేనేజ్‌మెంటులో చేరినప్పటినుంచీ ఆయనకి అది మానలేదు. అమ్మాయి కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి నాతో మాత్రం, "అమ్మా, నువ్వైనా తీసుకురా. నువ్వు రమ్మంటే వస్తాడు" అంది.

నేను రమ్మంటే వస్తారు, నిజమే. ఈ కోపాలు చల్లారనీ, అప్పుడు చెబుతాను.

జూన్ 22

కోపాలు చల్లారలేదు. సోడా తాగారు. తగ్గిందట.

జూన్ 27

ఐసీయూలో ఉన్నారు.

జూన్ 28

గుండెపోటు. రక్తం గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. బతికారు. ఇంకా ముందు వచ్చి ఉంటే గుండె కండరం మరికాస్త మిగిలేదని కొత్త డాక్టరు అన్నాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న కుర్రాడే, మంచివాడు, మెల్లగా చెప్పాడు.

అయినా మేం ఆలస్యం చేయలేదు. పొద్దున నొప్పన్నారు, ఆస్పత్రికి వెళ్లాం. హాల్లో కాసేపు కూర్చున్నాం. చూశారు. ఇంకేం చేస్తాం?

జూన్ 30

కాసేపు కాదు.

రాస్తాను. ఆ రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "ఏమోయ్, పద, నీ హాలు చూసొద్దాం" అన్నారు. నా చెవులు నేనే నమ్మలేదు. "ఛాతీలో కొంచెం బరువుగా ఉంది. ఎలాగూ వెళ్తున్నాం కదా, అందరూ అయ్యాక అక్కడే చూపించుకుందాం" అన్నారు. అమ్మాయికి ఫోన్ చేస్తానంటే వద్దన్నారు. నాకూ చేయాలనిపించలేదు. చేస్తే అది చక్రాల కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొస్తుంది, ఇద్దరం కలిసి వెళ్లినట్టుండదు.

వెనక వరసలో కూర్చున్నాం. మధ్యలో ఆ చేతికమ్మీ. ఆయన దాని మీద చెయ్యి పెట్టారు, నేను ఆ చేతి మీద పెట్టాను. చల్లగా, చెమటగా ఉంది. ఇన్నేళ్లలో ఆయన ఆ హాల్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఆయనెప్పుడూ తలుపుకి లోపల, నేనెప్పుడూ బయట.

"ఇక్కణ్నుంచి చూస్తే వేరేగా ఉందే" అన్నారు.

గుమ్మం సిస్టర్ వచ్చింది. "టోకెన్ తీసుకోలేదా అమ్మగారూ? ఏమైనా చూపించుకోవాలా?" అని అడిగింది. "లేదమ్మా, ఊరికే కూర్చున్నాం" అన్నాను. ఆయనేం అనలేదు. గుమ్మంలో జనం ఉన్నారు, ఆ పిల్ల వెళ్లిపోయింది.

"సరే, చెప్పు. వీళ్లలో ముందు ఎవర్ని పంపేదానివి?" అన్నారు ఆయన. అలా మొదలైంది ఆట. మూల కుర్చీలో ఏడుస్తున్న చంటిబిడ్డని చూపించాను. "ఏడిచే బిడ్డకి ఊపిరి ఉన్నట్టే. ఆ స్తంభం పక్కాయన్ని చూడు. పెదాలు చూడు" అన్నారు. చూశాను, నిజమే, నీలంగా ఉన్నాయి. అంతలో ఎర్రపట్టీ అని పిలిచి ఆ స్తంభం పక్కాయన్నే లోపలికి తీసుకెళ్లారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పర్వాలేదే" అన్నారు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట నేనెరగను. ఈ మాట అమ్మాయికి చెప్పాలి అనుకున్నాను.

మళ్లీ ఆడాం. ఈసారి నేను గెలిచాను. పాత సంగతులన్నీ తవ్వుకున్నాం. కరెంటు పోయిన రోజు పుట్టిన కవలలు, వాళ్ల నాన్న మూర్ఛపోతే హాలంతా వాడికి నీళ్లు చల్లడం. ఆయన నవ్వుతూ మధ్యమధ్యలో ఆగుతున్నారు. ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నారు. నేను రుమాలుతో నుదురు తుడిచాను, మళ్లీ తడిసింది, మళ్లీ తుడిచాను. ఆకుపచ్చ పట్టీలు ఒక్కొక్కటే లోపలికి వెళ్తున్నాయి. ఇంకొందరే ఉన్నారు, ఇంకాసేపే అనుకున్నాను.

హాల్లో ఎవరికి ఎలా ఉందో చూసి చెప్పడం నా పని. ఇన్నేళ్లు చేసిన పని. హాలంతా చూశాను, నా పక్క కుర్చీలో తప్ప.

గుమ్మం సిస్టర్ మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. ఆయన మణికట్టు పట్టుకుంది. "వాళ్లని కానివ్వమ్మా, నేను చివర" అని ఆయన అంటూనే ఉన్నారు, పట్టీ కట్టేసి కేకేసింది. ఎర్రది. మనుషులు పరిగెత్తుకొచ్చారు. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే చొక్కా నలుగుతోందని నేను సర్దబోయాను. అంత తెలివితక్కువగా ఎవరైనా ఉంటారా?

జులై 2

పొద్దున బోర్డు దగ్గరికి రమ్మని అమ్మాయి పిలిచింది. "ఎవరికి ఆలస్యమైనా ఇలాగే మాట్లాడతాం. నాన్న విషయంలో మానేస్తే మిగతావాళ్లకి మొహం చూపించలేను" అంది. ఆ మాట అచ్చం ఆయన అన్నట్టే ఉంది.

అందరూ నిలబడ్డారు. కొత్త డాక్టరు, సిస్టర్లు, మందుల అతను. అమ్మాయి కళ్ల కింద నల్లగా ఉంది, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "హాల్లోకి వచ్చినప్పటికీ పట్టీ కట్టినప్పటికీ మధ్య చాలా ఆలస్యమైంది. ఎందుకు?"

గుమ్మం సిస్టర్ ఏడుపు మొదలుపెట్టింది. "మొదటిసారి వెళ్లినప్పుడే నాడి చూడాల్సింది మేడమ్. నాదే తప్పు. పెద్దవాళ్లు కదా అని వదిలేశాను."

ఆ పిల్ల వెక్కుతుంటే నోరు మూసుకుని ఎలా నిలబడను? "తనది కాదు. ఊరికే కూర్చున్నాం అని చెప్పి పంపేసింది నేనే" అన్నాను.

అమ్మాయి నా వైపు తిరిగింది. కూతురిలా కాదు, ఆ బోర్డు దగ్గర అందరినీ ఎలా అడుగుతుందో అలాగే అడిగింది. "ఎందుకమ్మా?"

"మనవాళ్లు చివర కాబట్టి."

"నొప్పి అని నీకు తెలుసు. అయినా ఎందుకు?"

"మీ నాన్న పెట్టిన నియమం కదా. ఆయనకి ఇష్టం ఉండదు."

"నాన్న సంగతి కాదమ్మా. నువ్వు. నువ్వెందుకు లేవలేదు?"

ఇంకేదో చెప్పబోయాను. వయసనీ, గ్యాసనీ. అవన్నీ నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆ నిలబడ్డ మనుషుల ముందు, ఆ పిల్ల ఇంకా ముక్కు తుడుచుకుంటుంటే, అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"బాగుంది" అన్నాను. "ఆయన పక్కన అలా కూర్చుంటే చాలా బాగుంది. లేస్తే అయిపోతుందని లేవలేదు."

చెప్పాక కూర్చుందామంటే అక్కడ కుర్చీ లేదు. అమ్మాయే వచ్చి పట్టుకుంది. బోర్డు మీద ఏం రాయాలో తెలీక కొత్త డాక్టరు మార్కరు మూత తీసి మళ్లీ పెట్టాడు. చివరికి రాసింది మాత్రం మామూలు మాటే. టోకెన్ లేనివాళ్లు ఏమీ లేదన్నా సరే, నాడి చూసే వదలాలి.

తర్వాత దాని గదిలో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నాకు దాని చెయ్యి విరిగిన రోజు గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు, "ఆ రోజు నొప్పి పుట్టిందా నీకు?" అని అడిగాను. ఇన్నేళ్లకి.

"చాలా. అందరూ మెచ్చుకుంటుంటే ఏడవడం కుదరలేదు" అంది. నా చేతిలో గ్లాసు తీసుకుని, "నాన్న మీద కోపంతో డాక్టరు చదవలేదనుకుంటారు మీరిద్దరూ. అది కాదమ్మా. నాన్న తలుపు వేసుకుని లోపల ఉండేవాడు. బయట ఏం జరుగుతోందో ఆయనకి తెలిసేది కాదు. బయటంతా నువ్వే నడిపేదానివి. నేను నీ పక్కన కూర్చుని నిన్నే చూసేదాన్ని. నాకు నీ పని నచ్చింది. నేను చేసేది నీ పనే" అంది.

బిస్కెట్ల బుద్ధి అని దీన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో. నా పనిని పని అన్నవాళ్లు ఇదివరకు ఎవరూ లేరు. నాకు కూడా తట్టలేదు. గట్టిగా ఏడ్చాను, సిగ్గు లేకుండా, గది బయట నలుగురూ వింటున్నా.

జులై 6

ఆయన్ని వార్డులోకి మార్చారు. దిండుకి ఆనుకుని కూర్చుంటున్నారు. గుండెలో పోయిన భాగం పోయినట్టే, ఇక మెట్లెక్కడం, బరువులెత్తడం లేదు. మెల్లగా నడవవచ్చట.

అమ్మాయి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన "పర్వాలేదు నీ హాలు" అన్నారు. అది "బల్ల తీసేసినందుకు క్షమించు నాన్నా" అంది. "ఇనుప కుర్చీలు నడుము విరిచేస్తున్నాయి, మెత్తలైనా వేయించు" అన్నారు. వేయిస్తానంది. ఇద్దరి కళ్లూ తడిసే ఉన్నాయి గానీ మాట మాత్రం మెత్తల గురించే.

అది వెళ్లాక, బోర్డు దగ్గర నేనేం చెప్పానో ఆయనకి చెప్పాను. దాచిపెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. నావల్లే ఇలా అయిందండీ అన్నాను.

"పిచ్చిదానా, నేను డాక్టర్ని" అన్నారు. "గ్యాస్ ఏదో గుండె ఏదో నాకు తెలీదా? నడవలేక షాపుల ముందు ఆగినప్పుడే తెలుసు. ఆ రోజు పొద్దున లేవగానే ఇది అదే అనుకున్నాను. లోపలికి వెళ్తే మళ్లీ బయటికి వస్తానో రానో అనిపించింది. ఒక్కసారి నీ పక్కన, నీ వైపు కూర్చుని చూసి వెళ్దామనుకున్నాను."

నాకు గుండె కరగలేదు. కరగాలి కాబోలు. ఒళ్లంతా మంట పుట్టింది. ఆ చల్లటి చెయ్యిని నేను పట్టుకుని కూర్చుని, చెమట తుడుస్తూ, చంటిబిడ్డనీ స్తంభం పక్కాయన్నీ చూపిస్తూ ఉంటే, ఈ మనిషి అంతా తెలిసి, నాతో ఆటాడుతూ, ఒక్కడే లోపల వీడ్కోలు చెప్పేసుకుంటున్నాడు. నన్ను అడగను కూడా లేదు. ఆ హాల్లో నేను ఎవరికి కనుసైగ చేసినా వెళ్లారు. ఈయన తప్ప.

"మళ్లీ అలా చేశారంటే చంపేస్తాను మిమ్మల్ని" అన్నాను. చావు దాకా వెళ్లొచ్చిన మనిషితో అనవలసిన మాట కాదు. పక్క మంచం ఆవిడ తల తిప్పి చూసింది కూడా. అయినా ఇంకోసారి అన్నాను, ఈసారి గట్టిగా.

ఆయన నవ్వారు. నవ్వితే ఛాతీ పట్టేస్తోందట, అయినా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, ఆ మణికట్టు పట్టుకుని, నాడి చూస్తూ కూర్చున్నాను. ఎలా చూడాలో గుమ్మం సిస్టర్ పొద్దున నేర్పింది.